పడకా ఉంది, అన్నమూ ఉంది, కూర్చునే చోటేదీ?

(తిరుపతిలో పాఠకుల సమావేశంలో ఒక చరిత్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభలో ఉన్న పెద్దలకూ, వెనక నిలబడి వింటున్న పిల్లలకూ నమస్కారం. ముందు వరసలో రెండు కుర్చీలు ఖాళీగా ఉండాయి, వచ్చి కూర్చోండమ్మా. నేను మాట్లాడబోయేది కూడా కూర్చోవడం గురించే.

సత్రాలు, పూటకూళ్ళ ఇళ్ళు, కల్లంగళ్ళు, టీ అంగళ్ళ గురించి మాట్లాడమన్నారు. మనిషి ఇల్లు దాటి బయటికొస్తే పడుకోవడానికి, తినడానికి, తాగడానికి, నలుగురితో మాట్లాడుకోవడానికి ఊరు ఇచ్చే చోట్లు ఇవి. ఉద్యోగమంతా చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి పాత సంగతులు ఎక్కువే వస్తాయి, ఓపిక పట్టండి. నా బాధ మాత్రం ఈరోజుది. వచ్చినవాడికి పడకా అన్నమూ ఇవ్వడంలో మన తిరుపతికి సాటివచ్చే ఊళ్ళు తక్కువ. ఆ వచ్చినవాడి మూట మోసే కూలీకి, గది ఊడ్చే ఆమెకి, పూలమ్మే ఆమెకి పని మధ్యలో ఒక గంటసేపు నడుం వాల్చే చోటు ఈ ఊళ్ళో లేదు. ఒకప్పుడు ఉన్న కాసిన్ని చోట్లు కూడా ఒక్కటొక్కటిగా పోయినాయి.

ముందు మన గొప్పతనం చెప్పుకుందాం, అది నిజంగా గొప్పదే. 15వ శతాబ్దంలో చంద్రగిరి కేంద్రంగా పాలించిన సాళువ నరసింహుడు తిరుమలలోనూ తిరుపతిలోనూ రామానుజకూటాలు పెట్టించి, వాటి బాధ్యత కందాడై రామానుజయ్యంగారు అనే వైష్ణవ ఆచార్యుడికి అప్పగించాడు. యాత్రకొచ్చిన వైష్ణవులకు అక్కడ ఉచితంగా అన్నం. ఇది ఎట్లా నడిచిందో శాసనాల్లో వివరంగా ఉంది. నా మటుకు నాకు గుడి శాసనాల్లో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఈ ఏర్పాటే. ఒక దాత గుడికి రొక్కం ఇస్తాడు. ఆ రొక్కం పెట్టి దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు బాగుచేయిస్తుంది, కాలవలు తవ్విస్తుంది. నీళ్ళు పారి అదనంగా పండిన దాంట్లోంచి ఆ దాత పేరుమీద స్వామికి నైవేద్యం జరుగుతుంది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందుతుంది. ఆ నాలుగో వంతును కొందరు దాతలు రామానుజకూటానికి రాసిచ్చేశారు. ఎక్కడో పల్లెలో తవ్విన కాలవ నీళ్ళు కొండమీద ఆకలిగొన్న మనిషి ఆకులో అన్నమై పడేవి. ఆ కూటం ద్వారా బ్రాహ్మణులు కాని చాత్తాద వైష్ణవులకు కూడా ప్రసాదంలో వంతు దక్కింది. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు.

ఆ దారి తెగిపోలేదు. తరిగొండ వెంగమాంబ మన పాత చిత్తూరు జిల్లా ఆడబిడ్డ, కొండమీద అన్నదానం చేయించింది. ఇప్పుడు రోజూ వేలమంది బంతికి కూర్చునే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. దేవస్థానం నిత్యాన్నదానం 1985లో మొదలైంది. ఆ బంతిలో పక్కనెవరు కూర్చున్నారని ఎవరూ అడగరు. ఇది మామూలుగా వచ్చిన మార్పు కాదని గట్టిగా చెప్తున్నాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి మన తిరుపతి మీదుగానే పోయినాడు. దారిపొడుగునా ఆయన రాసుకున్నది చూస్తే ఒక బాటసారికి ఏం కావాలో తెలుస్తుంది. ఈ మజిలీలో సత్రం ఉందా, అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివేనా, బ్రాహ్మణుల ఇళ్ళున్నాయా. ఆ చివరి ప్రశ్న ఎందుకంటే, అన్నం ఎవరింట దొరికితే వాళ్ళింట తినే కాలం కాదది. సత్రంలో పడక ఒకరికి దొరికేది, ఇంకొకరికి దొరికేది కాదు. ఈరోజుకీ తిరుపతి వీధుల్లో సత్రాల బోర్డులు చదువుకుంటూ పోండి, రాయలసీమలో ఉన్న కులాల్లో చాలా వరసగా కనిపిస్తాయి. ఆ సత్రాలు కట్టించినవాళ్ళ మనసు మంచిదే. వాళ్ళవాళ్ళు వానలో తడవకుండా పడుకోవాలనే కట్టించారు. ఏ బోర్డూ లేని కులాలవాళ్ళు మాత్రం చెట్టుకింద పడుకున్నారు. అందుకే రైల్వేస్టేషను దగ్గర దేవస్థానం ఒకప్పుడు కట్టిన గోవిందరాజస్వామి సత్రాలు, ఆ తర్వాత వచ్చిన శ్రీనివాసం, విష్ణునివాసం, మాధవం నాకు గొప్పగా అనిపిస్తాయి. అక్కడ అడిగేది ఆధార్ కార్డు, కులం కాదు.

ఇక్కడ వేరే దేశం సంగతి ఒకటి చెప్పి వెనక్కొస్తాను. ఇంగ్లండులో కాంటర్‌బరీ అని ఒక పుణ్యక్షేత్రం. 14వ శతాబ్దంలో అక్కడికి యాత్రపోయే జనం లండను నది దాటి సదర్క్ అనే పేటలో గుంపు కట్టేవాళ్ళు. అక్కడ టాబర్డ్ అనే విడిది ఒకటి బాగా పేరుపొందింది. అట్లాంటి విడిదిల్లో గుర్రాలకు సాల, మనుషులకు పడక, భోజనం, బీరు, అన్నీ ఒకటే కప్పు కింద ఉండేవి. 17వ శతాబ్దం చివర్లో లండనులోనే ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ అంగట్లో ఓడలవాళ్ళు, వ్యాపారులు రోజూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. ఓడలకు బీమా చేసే పెద్ద వ్యాపారం అక్కణ్ణుంచే పెరిగింది. కొత్త మనుషులు ఒకచోట తీరిగ్గా కూర్చుంటే ఏమేం పుడతాయో చెప్పడానికే దీన్ని తెచ్చినాను.

మన దగ్గర ఈ మూడూ ఒక కప్పు కిందికి రాలేదు. పడక సత్రంలో, తిండి పూటకూళ్ళ ఇంట్లో, తాగుడు ఊరిబయట కల్లంగట్లో. ఎవరి ముందు ఎవరు తినకూడదు, ఎవరు ముట్టుకున్నది ఎవరు తాగకూడదు అన్న లెక్కలే దీనికి కారణం. ఆ లెక్కల వల్ల తాగుడు చోటు ఎప్పుడూ కంటికి కనపడకుండా, పొలిమేరలోనే ఉండిపోయింది. పూట భోజనం లేకుండా, దీపం లేకుండా.

అది మన దేశపు స్వభావమే అనకండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం ఉంది, అంటే మద్యం వ్యవహారాలు చూసే అధికారి గురించి. పానశాలలో గదులు చాలా ఉండాలి, పడకలూ ఆసనాలూ వేరువేరుగా ఉండాలి, పూలూ పరిమళాలూ నీళ్ళూ పెట్టాలి, ఏ రుతువుకు తగ్గ సుఖం ఆ రుతువులో ఉండాలి అని రాసుంది. తాగి మత్తులో పడిపోయినవాడి సొత్తు పోతే, అమ్మినవాడే ఆ నష్టం కట్టి, అంతే మొత్తం జరిమానా కూడా కట్టాలట. వేగులు కనిపెట్టుకుని ఉంటారనీ ఉంది, రాజ్యం రాజ్యమే కదా. అయినా తాగడానికి వచ్చినవాడు మనిషి, వాడి ఒళ్ళూ వాడి సొత్తూ భద్రంగా ఇంటికి చేరాలి అన్న బాధ్యత అమ్మేవాడి నెత్తిన పెట్టారు. మన బ్రాందీషాపు కమ్మీల మధ్య చెయ్యి పెట్టి సీసా అందుకుని రోడ్డు పక్కన తుప్పల్లోకి పోయే మనిషిని చూసినప్పుడల్లా నాకు ఈ ప్రకరణం గుర్తొస్తుంది.

ఇప్పుడు కల్లు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే కల్లంగడి ఎందుకు పోయిందో కల్లు గుణంలోనే ఉంది.

మా పక్క ఈతకల్లు ఎక్కువ. గీసేవాళ్ళు ఈడిగవాళ్ళు. సాయంత్రం మోకు నడుముకు కట్టుకుని చెట్టెక్కుతాడు, కత్తితో కోత సరిచేస్తాడు, కుండ కడతాడు. తెల్లారకముందే దించుకుంటాడు. కుండ లోపల సున్నం పూసి ఉంటే పులవదు, అది నీరా, పిల్లలు కూడా తాగొచ్చు. సున్నం లేకపోతే దించేటప్పటికే పులియడం మొదలవుతుంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, మర్నాటికి నోట్లో పెట్టుకోలేనంత పుల్లగా. నురుగు పొంగుతూనే ఉంటుంది, మూత బిగిస్తే కుండ పగుల్తుంది. అందువల్ల కల్లును దాచలేరు, దూరం తీసుకుపోలేరు. చెట్టున్న చోటే అంగడి ఉండాలి, దించిన రోజే తాగాలి. గీసినవాడే పోసేవాడు, తాగేవాడికి వాడి తండ్రి కూడా తెలుసు. నీళ్ళు కలిపినా, ఇంకేమైనా కలిపినా ఆ పూటే నాలిక పట్టేస్తుంది, నిలదీస్తుంది. పక్కనే ఒక ముసలామె ఉడకేసిన చెనక్కాయలో, గుగ్గిళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. కల్లంగట్లో కూడా అంటు ఉండేది, కొందరికి వేరే మూల, వేరే ముంత. అది దాచిపెట్టి ఆ రోజులు బంగారం అని నేను చెప్పను. అయినా అక్కడ కూర్చునే చోటుంది. ఏ రైతు కూలి ఎంతిస్తున్నాడు, ఏ చెరువు కట్ట తెగింది, ఎవరి ఎద్దు అమ్మకానికుంది, అన్నీ అక్కడ తెలిసేవి.

సారాయి అట్లా కాదు. కాచి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టింది కాబట్టి చెడిపోదు. పీపాల్లో నింపొచ్చు, బండ్లలో పంపొచ్చు, లెక్క రాయొచ్చు, పన్ను వేయొచ్చు. మాదకం కల్లులో నూటికి నాలుగైదు పాళ్ళయితే, ఇప్పుడు షాపుల్లో అమ్మే బ్రాందీ, విస్కీల్లో 42.8 పాళ్ళు. ఖజానాకు నచ్చేది ఏదో మీకు తెలిసిపోయింది.

మన పాత చిత్తూరు జిల్లాకు ఇందులో ఒక ప్రత్యేకమైన చోటుంది, మన పిల్లలకు దాన్ని ఎవరూ చెప్పడం లేదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధం 1937 అక్టోబరు 1న సేలంలో మొదలుపెట్టింది. సరిగ్గా ఏడాదికి, 1938 అక్టోబరు 1న, చిత్తూరు, కడప జిల్లాల్లో పెట్టింది. అంటే తెలుగు జిల్లాల్లో ముందుగా అంగళ్ళు మూతపడింది మన దగ్గరే. ఖజానాకు గండి పడింది. ఆ గండి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. ఈరోజు మీరు సబ్బు కొన్నా, చీర కొన్నా కట్టే పన్నుకు పాత వేరు వెతుక్కుంటూ పోతే, మూతపడిన మన కల్లంగళ్ళ దగ్గరికి కూడా వస్తారు. ఆ తర్వాత 1948కి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది కూడా ఈ మద్యనిషేధం గొడవమీదే, ఒక్క ఓటు తేడాతో.

ఇక్కడ ఆడమనిషిగా మాట్లాడతాను. 1992లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాయంగడి మూయించినారు. ఆ మంట మన పల్లెలకూ పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారాయి నిషేధించారు, 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో దాన్ని ఎత్తేశారు. కూలి డబ్బులు ప్యాకెట్లకు పోయి, రాత్రికి ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు నడిపిన ఉద్యమం అది. వాళ్ళ పక్షాన నిలబడినదాన్ని, ఈరోజూ నిలబడతాను. నేను కల్లంగళ్ళు తెరవమని చెప్పడానికి రాలేదు, ఎవరూ అట్లా రాయొద్దు. ఆ ఆడవాళ్ళు పోరాడింది సారాయి మీద. మగవాడు సాయంత్రం నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడం మీద వాళ్ళకు కోపం లేదు. ప్రభుత్వాలు చేసిందేమంటే, కూర్చోవడం తీసేసి తాగుడు ఉంచాయి. షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములు ఒకరు పెడతారు, ఒకరు తీసేస్తారు. 2019లో షాపులు ప్రభుత్వమే నడిపింది, 2024లో మళ్ళీ ప్రైవేటువాళ్ళకు ఇచ్చారు. ఏ పాలసీలో అయినా అమ్మకం లెక్కలే పేజీలకు పేజీలు. తాగినవాడు ఇంటికెట్లా పోతాడు, దారిలో ఆడపిల్ల ఎదురైతే ఎట్లా అన్నది ఒక్క పేరా ఉండదు. వెలేసిన మనిషి లాగా గోడవారగా నిలబడి, ఒక్క గుక్కలో వంద మిల్లీలీటర్లు దించేసేవాడికి మాటలుండవు. మత్తు మాత్రం ఉంటుంది.

ఆడవాళ్ళకు ఊరు ఎప్పుడూ ఏ చోటూ ఇవ్వలేదు, సత్రం తిన్నె కూడా. బావి దగ్గరా, ఏటి ఒడ్డునా నిలబడి మాట్లాడుకున్నారు. ఇంటింటికీ కొళాయి వచ్చాక అదీ పోయింది. కొళాయి రావడం మంచిదే, దానికి బదులు ఇంకేదైనా రావాలి కదా అని నా ప్రశ్న.

మిగిలింది టీ అంగడి. మన బస్టాండు దగ్గర తెల్లవారి మూడున్నరకు ఒకసారి నిలబడి చూడండి. రెండు రాళ్ళమీద ఒక పలక, అదే బెంచీ. టీ మాస్టరు ఒక చేత్తో పాలగిన్నె కింద మంట తగ్గిస్తాడు, ఇంకో చేత్తో గ్లాసు నెత్తికంటే ఎత్తు నుంచి తిప్పి పోస్తాడు, చుక్క కింద పడదు. గుండు మీద గంధం తడి ఆరని తమిళ కుటుంబం, కొండకు పోయే జీపు డ్రైవరు, "రూము కావాలా సామీ" అని రాత్రంతా అరిచి గొంతు పోయిన కుర్రాడు, మల్లెల గంప పక్కన పెట్టుకున్న అక్క. అక్కకు ముందు టీ ఇస్తాడు మాస్టరు, ఆమెకు మొదటి బస్సు దిగే జనం దొరకాలి కాబట్టి. అప్పుడు జీపు డ్రైవరు లేచి, "కూచోక్కా" అంటాడు. పది నిమిషాలు. అంతకుమించి కూర్చుంటే అంగడి ముందు జాగా ఉండదు. ట్రాఫిక్‌కు అడ్డమని కార్పొరేషనువాళ్ళు ఆ పలక కూడా ఎత్తుకుపోతారు.

ఈ టీ అంగడికి కూడా సులువుగా సమానత్వం రాలేదు. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం ఉండింది. దళితులకు వేరే గ్లాసు, తాగి వాళ్ళే కడిగి పెట్టాలి, బెంచీమీద కూర్చోకూడదు. కొట్లాడి, కేసులు పెట్టి, తన్నులు తిని మార్చుకున్నారు. ఆ కొట్లాట చేసినవాళ్ళు అడిగింది టీ కాదు. బెంచీ. కూర్చునే హక్కు ఎంత పెద్దదో వాళ్ళకు తెలిసినంతగా మనకు తెలీదు.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఒంటరి మనిషికి గది ఇవ్వం అనే లాడ్జీలు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. ఒంటరి ఆడమనిషైతే మరీ కష్టం. వాళ్ళ భయాలు వాళ్ళకుంటాయి, గదిలో ఏదైనా జరిగితే స్టేషను చుట్టూ తిరగాల్సింది వాళ్ళే. కానీ భర్త పోయాక మొక్కు తీర్చుకోవడానికి ఒక్కతే వచ్చిన ముసలామె రాత్రి పదకొండింటికి ఎక్కడికి పోవాలి? దేవస్థానం యాత్రికుల వసతి సముదాయాల్లో ఉచిత హాళ్ళూ లాకర్లూ ఉన్నాయి, అవే ఆమెను కాపాడుతున్నాయి. ఆ సంగతి బస్టాండులో, రైల్వేస్టేషన్లో పెద్ద అక్షరాలతో నాలుగు భాషల్లో రాసి పెట్టాలి. ఖర్చు ఒక బోర్డు.

నేను అడిగేది పెద్దదేం కాదు. కప్పున్న తిన్నె, తాగడానికి నీళ్ళు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరువేరు మరుగుదొడ్లు, దీపం, ఫోను ఛార్జింగు పెట్టుకునే చోటు, రోజూ వచ్చే రెండు పేపర్లు. ఎవరైనా, ఎంతసేపైనా, ఏమీ కొనకుండా కూర్చోవచ్చు. ఎండాకాలంలో చలివేంద్రాలు పెట్టే మనసు ఈ ఊరికి ఉంది. మజ్జిగ పోసేటప్పుడు ఎవరి కులం ఏమిటని అడగం. ఆ పందిరే పన్నెండు నెలలూ ఉంచమంటున్నాను. మద్యం మీద వచ్చే ఆదాయంలోంచి దీనికి డబ్బు తీయాలి. ఆ డబ్బు ఇచ్చింది ఈ కూలీలే.

(సభలోంచి ఒకరు: "అట్లా పెడితే తాగుబోతులు పడుకుంటారు కదా మేడమ్?")

మంచి ప్రశ్న అడిగినావు నాయనా. పడుకుంటారు, మొదట్లో పడుకుంటారు. చూసుకునేవాళ్ళు లేని చోట ఎక్కడైనా అంతే. అందుకే ప్రతి తిన్నెకూ ఒక మనిషి ఉండాలి, జీతం తీసుకునే మనిషి, పగలొకరు రాత్రొకరు. అందులో ఒకరు కచ్చితంగా ఆడమనిషి. సత్రాలకు సత్రపుమనిషి ఉండేవాడు, అందుకే అవి నడిచినాయి. ఊడ్చేదీ, దీపం వేసేదీ, గొడవ చేసేవాణ్ణి లేపి పంపేదీ అతనే. కాపలా మనిషి లేకుండా పార్కులు కట్టి, పాడైపోయినాయని తాళాలేసిన ఊళ్ళు మనకు తెలుసు. ఆ తప్పు చేయొద్దు. మొదట ఒక్కటి పెట్టిద్దాం, బస్టాండు దగ్గర. సరిగ్గా ఎక్కడ అన్నది మనం చెప్పొద్దు, మూటలు మోసేవాళ్ళనూ పూలమ్మేవాళ్ళనూ అడిగి చెప్పిద్దాం. కార్పొరేషనుకు ఇవ్వబోయే అర్జీ తలుపు పక్కన బల్లమీద ఉంది. చదివి, సరే అనుకున్నవాళ్ళు సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్ళకు ప్యాడు కూడా అక్కడే పెట్టించినాను.